ఏ వైద్యుని ప్రక్కన నిలబడవలెను?



బెంగుళూరులోను, కోలారు బంగారు గనుల ప్రాంతములోను, చెన్నైలోను, బరంపురములోను, షోలాపూరులోను, యానాములోను స్థిరపడిన మన కుటుంబములలో బిడ్డను డాక్టరుగా చూడవలెనను కోరిక బలముగా ఉన్నది. అది మంచి కోరికే. పన్నెండవ తరగతి ముగించి, నీట్ పరీక్ష వ్రాసి, ఫలితము కొరకు కనిపెట్టుచున్న పిల్లలు కొందరు తెలిసిన డాక్టరుగారి యొద్ద కొన్ని దినములు నిలబడి ఆస్పత్రి పని ఎట్లుండునో చూడగోరుచున్నారు. అప్పుడు వారు గాని వారి తల్లిదండ్రులు గాని మమ్మును అడుగుచున్నది ఇదే: "మాస్టారూ, ఉన్నవి పది రోజులే. ఏ విభాగాలు చూస్తే మంచిది? గుండె జబ్బులా, మెదడు ఆపరేషన్లా, ఎముకలా?"

ఇది వీలును బట్టి తేల్చుకొనదగిన చిన్న ప్రశ్నవలె కనబడును. అయితే మా తలంపులో ఇది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న. ఏలయనగా ఏ విభాగమును చూడవలెనని ఎన్నుకొనువాడు, ఏ రోగులను చూడవలెనో, ఏ రోగులను చూడకుండ పోవలెనో కూడ ఎన్నుకొనుచున్నాడు.

మొదట ఈ పద్ధతి ఎక్కడిదో తెలిసికొందము. అమెరికా దేశములో వైద్య కళాశాలలో చేరుటకు ముందు సాధారణముగా నాలుగేండ్ల డిగ్రీ చదవవలెను. ఎంక్యాట్ అను పరీక్షయు వ్రాయవలెను. ఈ మధ్యకాలములో విద్యార్థులు డాక్టర్ల వెంట ఆస్పత్రిలో తిరిగి, ఏమియు చేయకుండ, ఏమియు ముట్టకుండ, కేవలము చూచుచుందురు. డాక్టరు వెంట నీడవలె నడచుట గనుక దానికి షాడోయింగ్ అని పేరు. అక్కడి కళాశాలలు ఇటువంటి అనుభవమును గమనించును గనుక, ఎన్ని గంటలు, ఎన్ని విభాగములు అని లెక్క వ్రాసికొనుట అలవాటైనది. మన సంఘముల బిడ్డలలో అక్కడ స్థిరపడినవారి పిల్లలకు ఇది తెలిసిన సంగతే. వారి ద్వారానే ఈ మాట మన యిండ్లకును వచ్చినది.

మన దేశములో పరిస్థితి వేరు. ఇక్కడ పదునేడు, పదునెనిమిది ఏండ్లకే ఎం.బి.బి.ఎస్.లో చేరుదురు. నీట్ మార్కులే సీటును నిర్ణయించును. డాక్టరు ప్రక్కన ఎన్ని గంటలు నిలబడితివని ఏ దరఖాస్తులోను అడుగరు. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ గడచిన తరువాత గాని, మరియొక ప్రవేశ పరీక్ష వ్రాసిన తరువాత గాని, ఫలానా విభాగపు నిపుణుడనగుదునని ఎవరును అనలేరు. ఆ చదువులోనే అన్ని విభాగములను త్రిప్పి చూపుదురు. 2019 నుండి అమలైన పాఠ్య ప్రణాళికలో మొదటి సంవత్సరము నుండియే విద్యార్థిని రోగుల యొద్దకు తీసికొని పోవు ఏర్పాటు ఉన్నది.

దీనిని బట్టి మనకు ఒక సంగతి తేటపడుచున్నది. "నేను గుండె డాక్టరునవుదునా, ఎముకల డాక్టరునవుదునా" అని పన్నెండవ తరగతి బిడ్డ వేసికొను ప్రశ్న ఆరేండ్లు ముందుగా వచ్చిన ప్రశ్న. దానికి ఇప్పుడు జవాబు అక్కరలేదు. ఇప్పుడు తేల్చుకొనవలసినది వేరొకటి: "బాధపడుచున్న మనుష్యుని ప్రక్కన నేను నిలబడగలనా? నేడు మాత్రమే కాదు, రేపు, ఎల్లుండి, నలుబది ఏండ్లు నిలబడగలనా?" ఈ ప్రశ్నకు జవాబు దొరకు విభాగములనే ముందుగా చూడవలెను.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, పాఠము చెప్పుటకు ముందు తరగతి వెనుక బల్లపై కూర్చుండి ఇతరుల పాఠములను గమనించి నోటు పుస్తకములో వ్రాయవలసియుండెను. మేలైన ఉపాధ్యాయుని మేలైన తరగతిని చూచినప్పుడు, పాఠము ఎట్లు చెప్పవలెనో తెలిసెను. కాని బడి అనగా ఏమో తెలిసినది, ఎనుబది మంది పిల్లలు క్రిక్కిరిసిన గదిలో, చివరి వరుసలోని బిడ్డ ముఖము చూచినప్పుడే. ఆస్పత్రియు అట్టిదే. పేరుపొందిన శస్త్రవైద్యుని ఆపరేషను గదిలో విద్య కనబడును. రోగి అయితే అక్కడ మత్తులో నిద్రించుచున్నాడు, ముఖము కప్పబడియున్నది. ఆ గదిలో ఎన్ని గంటలు నిలిచినను, రోగితో మాటలాడుట మనకు చేతనగునో లేదో తెలియదు.

మంచి సమరయుని ఉపమానమును (లూకా 10:30-37) మనమందరము చిన్ననాటి నుండి వినియున్నాము. అందులో ఒక మాటను శ్రద్ధగా గమనింపుడి. యాజకుడు గాయపడినవానిని చూచెను. లేవీయుడును చూచెను. సమరయుడును చూచెను. ముగ్గురును చూచినవారే. చూచుటలో తేడా లేదు, చూచిన తరువాత దగ్గరకు పోవుటలో తేడా ఉన్నది. పది విభాగములు చూచితిమని లెక్క చెప్పుకొనుట యాజకునికిని సాధ్యమే. గనుక ఎన్ని చూచితిమని గాక, చూచినది మనలను ఏ ప్రక్కకు త్రిప్పినదని అడుగవలెను.

ఇక తల్లిదండ్రులు గుండె, మెదడు అని ముందుగా ఎందుకు అనుచున్నారు? ఆ విభాగములకు గౌరవము ఎక్కువ, రాబడి ఎక్కువ. దీనిని దాచుకొన నక్కరలేదు. అప్పులు చేసి, ఊరిలో మిగిలిన కాస్త భూమి అమ్మి చదివించు తండ్రి రాబడిని గూర్చి ఆలోచించుట పాపము కాదు. గుండె ఆపరేషను చేయువాడును దేవుని పనివాడే. అయితే బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటును, మాసిన బట్టలతో వచ్చిన బీదవానికి పాదపీఠము దగ్గర చోటును ఇచ్చు సభను యాకోబు తన పత్రికలో (2:1-4) గద్దించెను. ఆ గద్దింపు ఆరాధన మందిరమునకు మాత్రమేనా? వైద్య విభాగములలో కూడ కొన్నింటికి మంచి ఆసనములును, కొన్నింటికి పాదపీఠములును మనము వేయుచున్నాము. మానసిక వైద్యము, క్షయ, కుష్ఠు, వృద్ధుల వైద్యము, మరణమునకు దగ్గరగా నున్నవారి బాధను తగ్గించు ఉపశమన వైద్యము అనగానే "అవి చూచి ఏమి లాభము?" అనుచున్నాము. శరీరములో ఘనతలేనివని మనము తలంచు అవయవములకే ఎక్కువ ఘనత కలుగజేయవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను (1 కొరింథీ. 12:22-24) సంఘమునకు అన్వయించుకొందుము. శరీరమునకు చికిత్స చేయువాడు దానిని ఇంకెంత అన్వయించుకొనవలెను!

దీనికి మనకు సమీపముననే సాక్ష్యమున్నది. డాక్టర్ పాల్ బ్రాండ్ ఎముకల శస్త్రవైద్యుడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. 1947లో చెంగల్పట్టులోని కుష్ఠు వైద్యశాలను చూడబోయెను. అది ఆయన విభాగము కాదు. అక్కడి డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ చర్మ వైద్యములో నిపుణుడు. ఆ రోగుల వ్రేళ్లు ఎందుకు వంకరపోయినవని, దానికి ఏమి చేయుచున్నారని బ్రాండ్ అడిగెను. ఎముకల వైద్యులెవరును ఆ వ్యాధిగ్రస్తుల చేతులను పరీక్షించుటకు రాలేదని ఆయనకు తెలిసినది. ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి గట్టిగా పట్టుకొమ్మనగా, ఆ వంకర వ్రేళ్లు ఆయనకు నొప్పి పుట్టునంత బలముగా పట్టుకొనెను. ఆ చేయి పూర్తిగా చచ్చిన చేయి కాదని, కొన్ని కండరములు పడిపోయినను కొన్ని బలముగానే ఉన్నవని ఆయన గ్రహించెను. బలమైన కండరపు స్నాయువును త్రిప్పి కట్టి, మూసికొనిపోయిన చేతిని తెరచు శస్త్రచికిత్స వేలూరులో వృద్ధియైనది. వ్రేళ్లు ఊడిపోవుట శరీరము దానంతట అది కుళ్లుట వలన కాదని, స్పర్శ లేని చేతికి తెలియకుండ తగులు గాయముల వలన అని కూడ తరువాత ఆయన బోధించెను.

నా విభాగము కాదని ఆయన ఆ దినము చెంగల్పట్టు పోకయుండిన యెడల ఏమగును? నైపుణ్యమున్నవాడును, ఆ నైపుణ్యము కొరకు కనిపెట్టుచున్న రోగియు ఒకరినొకరు ఎరుగకయే యుందురు. చాలమంది నిలబడుచోట నిలబడినవానికి చాలమందికి తెలిసినదే తెలియును. ఎవరును పోని చోటికి పోయినవానికి ఒక్కొక్కసారి దేవుడు క్రొత్త పనిని అప్పగించును.

అదే వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ స్త్రీల వైద్యములో నిపుణురాలు కావలెనని కోరెను. 1954లో జరిగిన వాహన ప్రమాదములో ఆమె నడుము క్రింది భాగము చచ్చుపడినది. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. పిమ్మట అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, చచ్చుబడిన అవయవములు గలవారిని మరల జీవితములోనికి నడిపించు పునరావాస వైద్య విభాగమును నడిపెను. 1966లో అక్కడ దానికి ప్రత్యేకమైన కేంద్రము ఏర్పడినది. ఆమె ఎన్నుకొన్న విభాగము ఒకటి, ఆమెను ఎన్నుకొన్న విభాగము మరియొకటి. గనుక పదునెనిమిదేండ్ల బిడ్డ "ఇదియే నా విభాగము" అని ఒట్టు పెట్టుకొని ఇతరమైనవాటికి కన్నులు మూసికొనుట తెలివి కాదు.

మరి పది దినములను ఎట్లు వినియోగింపవలెను? మాకు తోచిన క్రమమును చెప్పుచున్నాము.

మొదటి రెండు దినములు సర్కారు ఆస్పత్రిలోని సాధారణ ఒ.పి.లో గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గాని గడపవలెను. డాక్టరు కుర్చీ ప్రక్కకు పోవుటకు ముందు, చీటీ కొరకు నిలబడు వరుసలో ఒక పూట నిలబడవలెను. దినకూలి పోగొట్టుకొని వచ్చినవాడు రెండు నిమిషముల మాట కొరకు ఎంతసేపు కనిపెట్టునో అక్కడ తెలియును.

తరువాత రెండు దినములు బహుకాలము నిలుచు వ్యాధుల యొద్ద. క్షయరోగి ఆరు నెలలు విడువక మందు మ్రింగవలెను. మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడు మారులు, మారు ఒక్కింటికి ఇంచుమించు నాలుగు గంటలు డయాలిసిస్ యంత్రము ప్రక్కన పండుకొనవలెను. షుగర్ వ్యాధి వలన కాలి పుండు మానని వృద్ధుడు ప్రతి కట్టు మార్పుకు రావలెను. ఇక్కడ అద్భుతములు కనబడవు, ఓపిక కనబడును. వైద్యములో ఎక్కువ భాగము ఇదియే.

ఒక దినము మానసిక వైద్యుని యొద్ద, ఒక దినము ఉపశమన వైద్యములో గాని వృద్ధాశ్రమములో గాని. బాగుచేయలేని చోట డాక్టరు ఏమి చేయునో చూడనివానికి వైద్యము సగమే తెలియును. ఈ రెండు చోట్ల రోగి మిక్కిలి సున్నితమైన స్థితిలో ఉండును గనుక, డాక్టరు వద్దన్న యెడల పట్టుపట్టకుండ మరలి రావలెను. ఒక దినము పూర్తిగా నర్సుల వెంట. డాక్టరు వచ్చి పోవును, రాత్రి అంతయు ఉండునది నర్సే. మన సంఘములలో నర్సులుగా పనిచేయు అక్కలు, చెల్లెండ్రు అనేకులున్నారు. వారి యొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడే మంచి డాక్టరగును.

మరియొక దినము మన ప్రాంతమునకు, మనవారి పనికి సంబంధించిన వ్యాధిని చూచుటకు ఉంచవలెను. కోలారు గనులు 2001లో మూతపడినవి. కాని రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు గనితోపాటు మూతపడి స్వస్థపడలేదు. ఆ దుమ్ము వలన వచ్చు సిలికోసిస్ పని మానిన తరువాత కూడ ముదురుచునే యుండును. షోలాపూరు, భివండి మగ్గముల యొద్ద దూది దుమ్ము ఊపిరిని, యంత్రముల మ్రోత వినికిడిని చెరుపును. దక్షిణ ఒడిశా కొండ ప్రాంతములలో మలేరియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవి. మన తాతతండ్రులు ఏ పనికై ఈ చోట్లకు వచ్చిరో, ఆ పని వారి దేహములో ఏమి మిగిల్చినదో ఎరుగుట మన బిడ్డలకు తగిన పాఠము.

మిగిలిన రెండు దినములు బిడ్డ మనసుకు నచ్చిన విభాగము, అది గుండెయైనను మెదడైనను, సంతోషముగా చూడవచ్చును. దానిని విడువుమని మేము చెప్పము. కడపట చూడుమని మాత్రమే చెప్పుచున్నాము. అంతకు ముందు ఎనిమిది దినములు చూచినవాడు, ఆపరేషను బల్ల మీద గుండెను మాత్రమే గాక మనుష్యుని చూచును.

నిజమునకు మన పిల్లలలో చాలమంది ఈ పని ఇదివరకే చేయుచున్నారు. కన్నడము గాని, తమిళము గాని, ఒడియా గాని, మరాఠీ గాని సరిగా రాని నాయనమ్మను ఆస్పత్రికి తీసికొని పోయి, ఆమె తెలుగులో చెప్పినది డాక్టరుకు ఆ భాషలో చెప్పి, డాక్టరు చెప్పినది మరల తెలుగులో చెప్పువారు మన మనుమలు, మనుమరాండ్రే. రెండు భాషలు ఎరిగియుండుట మనకు దేవుడిచ్చిన ఈవి. నొప్పిని పరభాషలో చెప్పుకొనలేక తల ఊపి వచ్చు వృద్ధురాలిని ఎరిగిన బిడ్డకు, ఏ పుస్తకమును నేర్పని వైద్యము కొంత తెలిసియున్నది. దానిని తక్కువగా ఎంచకుడి.

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన సంగతి. మన బిడ్డ నేర్చుకొనుటకు వెల చెల్లించుచున్నది ఎవరు? రోగియే. తన దేహమును, తన భయమును ఒక అపరిచితుని యెదుట విప్పి చెప్పవలసి వచ్చినది అతనికే. ప్రత్యేక గదిలో నున్న ధనవంతుని "ఈ విద్యార్థి ఇక్కడ నిలబడవచ్చునా" అని అడుగుదుము. సర్కారు వార్డులో నేలమీద చాప పరచుకొన్న బీదవానిని అడుగకుండనే చుట్టు నిలబడుదుము. యాకోబు గద్దించిన పక్షపాతము ఇదియే గదా! గనుక డాక్టరుగారి అనుమతి చాలదు, ప్రతి రోగిని ఆయన భాషలో, కాదనుటకు వీలుగల మాటలలో అడుగవలెను. వద్దన్న యెడల నొచ్చుకొనక బయటికి రావలెను. ఫోటోలు తీయరాదు. అర్హత లేకుండ సూది గాని కట్టు గాని ముట్టరాదు, ఎవరైన చనువుగా "చేసి చూడు బాబూ" అన్నను ముట్టరాదు. అమెరికాలో 1996లో చేసిన చట్టము క్రింద రోగి వివరములను ఆస్పత్రులు గోప్యముగా కాపాడవలెను. విశ్వాసికి ఆ జాగ్రత్తను నేర్పుటకు చట్టమే కావలెనా?

ఇక్కడ మన సంఘములకు ఒక మాట. ఆస్పత్రిలో చూచినదానిని ప్రార్థన కూటములో ప్రార్థన మనవిగా చెప్పు అలవాటు మనలో ఉన్నది. "ఫలానా వీధి ఫలానా అక్కకు ఈ జబ్బట, ప్రార్థించండి" అని చెప్పినప్పుడు మన ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని ఆ అక్క చెప్పమనలేదు. ఆమె పెండ్లి కావలసిన కుమార్తె సంగతి ఏమగును? దేవునికి పేరు చెప్పి ప్రార్థింపుడి, మనుష్యులకు పేరు చెప్పకుడి.

అపొస్తలుల కార్యములలో (5:15) పేతురు నీడయైనను తమ మీద పడవలెనని రోగులను వీధులలోనికి తెచ్చిరని చదువుచున్నాము. ఆ నీడను రోగులే కోరిరి. మన బిడ్డ నీడ అట్టిదగునా, లేక రోగి మీద పడు వెలుగునకు అడ్డమగునా? వెంట తిరుగుటకు ముందు ప్రతి విద్యార్థియు దీనిని తన్ను తాను అడుగుకొనవలెను.

"ఇటువంటివి చూపిన యెడల పిల్ల భయపడి డాక్టరు చదువే వద్దనునేమో" అని ఒక తల్లి అనవచ్చును. అనినచో అది నష్టము కాదు. ఆరేండ్ల తరువాత తెలియుటకంటె పది దినములలో తెలియుట దయయే. ఇల్లు, పొలము అమ్మకముందే తెలిసినది. "పుట్టినప్పుడే డాక్టరుగా ప్రభువునకు ప్రతిష్ఠించితిమి" అను తల్లిదండ్రులున్నారు. హన్నా సమూయేలును ప్రతిష్ఠించినది నిజమే. కాని రాత్రివేళ దేవుడు పేరు పెట్టి పిలిచినది సమూయేలునే, జవాబు చెప్పినదియు సమూయేలే. తల్లి మ్రొక్కుబడి బిడ్డను మందిరము వరకు తీసికొని పోగలదు. పిలుపు వినవలసినది బిడ్డయే.

నెల్లూరులోను, ఒంగోలులోను, హనుమకొండలోను అమెరికన్ బాప్టిస్టు మిషను, పిఠాపురములో కెనడియన్ బాప్టిస్టు మిషను వైద్యశాలలు నడిపిన చరిత్ర మనది. ఎవరును ముట్టని మన పూర్వికులను ముట్టి చూచినవారు అక్కడ ఉండిరి. ఆ మేలు పొందిన మనము నేడు మన బిడ్డలకు ఏ చోటు చూపుచున్నాము? ప్రతి సంఘపు పెద్దలును తమ సంఘములోని డాక్టర్లను, నర్సులను, లాబు పనివారిని పిలిచి, సంవత్సరమునకు కొన్ని దినములు మన విద్యార్థులకు ఇమ్మని అడుగవలెనని మనవి చేయుచున్నాము. డాక్టర్ల పరిచయములు లేని బీద విశ్వాసుల పిల్లలను ముందుగా పంపవలెను. పరిచయములున్నవారు ఎట్లును చూచుకొందురు.

ఏ విభాగమైనను సరే, అక్కడ నిలుచు మన కుమారులకును కుమార్తెలకును బాధపడువాని ముఖము మొదట కనబడునట్లు ప్రభువు కన్నులు తెరచును గాక. ఆమేన్.